చెంచుల పండుగ కావాలి, చెంచుల అడవి వద్దా?

సంక్రాంతి సంబరాలు ముగిసే వేళకు అహోబిలం నరసింహస్వామి పల్లకీ ఎక్కి ఊళ్ల మీదికి బయలుదేరుతాడు. చెంచులక్ష్మిని చేసుకున్నవాడు కనుక చెంచులకు ఆయన ఇంటి అల్లుడు. దాదాపు 40 రోజుల పాటు 30కి పైగా ఊళ్లు తిరిగి, తన పెళ్లికి రమ్మని తానే పిలుస్తాడని ఆ ప్రాంతంలో తరతరాల నమ్మకం. పారువేటగా పేరుపడ్డ ఈ ఉత్సవంలో చెంచులు విల్లంబులు పట్టి పల్లకీకి ఎదురు నిలుస్తారు. దీనికి యునెస్కో సాంస్కృతిక వారసత్వ గుర్తింపు రావాలని కొన్నేళ్లుగా ప్రయత్నాలు సాగుతున్నాయి. మంచి ప్రయత్నం, ఫలించాలి కూడా. అయితే చెంచుకు విల్లు పట్టడం నేర్పింది అహోబిలం వీధి కాదు, నల్లమల. ఆ అడవిలో గడ్డ తవ్వుకోవడానికి, తేనె దించుకోవడానికి, తాతల నాటి పెంటలో, అంటే తమ గూడెంలో, ఉండిపోవడానికి ఆయనకున్న హక్కు గురించి మాట వచ్చేసరికి సంస్కృతిని కాపాడాలన్నవారి గొంతు తగ్గిపోతుంది. పండుగ ఒక శాఖ చూసుకునే పని, పులి మరో శాఖ చూసుకునే పని, భూమి పట్టా ఇంకో శాఖ పని. ఈ మూడింటినీ విడదీసి కాపాడగలమన్న భ్రమ వల్లనే మూడూ బలహీనపడుతున్నాయి. అడవి మీద నిర్ణయాధికారం చెంచులకు ఇవ్వకుండా వాళ్ల సంస్కృతినీ కాపాడలేం, వాళ్ల సంస్కృతి సాయం లేకుండా ఆ అడవినీ ఎక్కువ కాలం కాపాడలేం.

ప్రకృతి, సంస్కృతి ఒకదానిలో ఒకటి అల్లుకుని ఉన్నాయన్న అవగాహనను పరిశోధకులు జీవ సాంస్కృతిక వారసత్వం అంటున్నారు. 1988లో బ్రెజిల్‌లోని బెలెం నగరంలో జరిగిన సదస్సు, ఆదివాసీ సంస్కృతులూ జీవజాతులూ రెండూ నశిస్తున్నాయని, ఈ రెండింటినీ వేరు చేయడం కుదరదని ప్రకటించింది. మన దేశంలో ఈ ఆలోచన సదస్సుల దగ్గర ఆగిపోలేదు, చట్టంలోకి ఎక్కింది. 2006 అటవీ హక్కుల చట్టం మూడో సెక్షన్ చదివితే జీవవైవిధ్యంతో, సాంస్కృతిక వైవిధ్యంతో ముడిపడిన సంప్రదాయ జ్ఞానం మీద ఆ సమూహానికి ఉమ్మడి హక్కు ఉందని కనిపిస్తుంది. అడవిని కాపాడుకునే, పునరుద్ధరించుకునే, నిర్వహించుకునే హక్కు కూడా అదే సెక్షన్‌లో ఉంది. చెంచుల వంటి అత్యంత బలహీన గిరిజన సమూహాలకైతే విడిగా ఆవాస హక్కును చెప్పింది. అంటే ఇల్లు కట్టుకున్న సెంటు స్థలం, దున్నుకున్న ఎకరం పొలం కాదు. తిరిగే దారులు, నీటి చెలమలు, దేవుళ్లు కొలువైన లొద్దులు, తేనె పట్టే బండలు, ఏ కుటుంబం ఏ మేర వరకు ఏరుకోవచ్చన్న కట్టుబాట్లు అన్నీ కలిసిన ప్రాంతం మీద హక్కు. ప్రపంచంలో చాలా దేశాలు ఇంకా కోరుకుంటున్న మాటను మన పార్లమెంటు 20 ఏళ్ల కిందటే రాసి పెట్టింది.

ఈ మాటకు అర్థం నల్లమలలో తేనె దించే పనిని చూస్తే బోధపడుతుంది. పెద్ద తేనెటీగలు పట్టు పెట్టేది మనిషి అడుగు పెట్టలేని బండ అంచుల కింద. పై నుంచి తాడు వేలాడదీసి, పొగ పెట్టి, ఒక మనిషి గాలిలో ఊగుతూ పట్టు కోస్తాడు. కింద లోయ. పైన తాడు దగ్గర కాపలా ఉండే మనిషి ఎవరన్నది చెంచుల్లో ఇష్టానికి వదిలిన సంగతి కాదు. సొంత అన్నదమ్ములు కాదు, బావమరిది ఉండాలి. చెల్లెలి పసుపు కుంకుమలు ఆ తాడు మీద ఆధారపడి ఉన్నాయి కనుక అతను చేయి వదలడన్నది ఆ ఏర్పాటులోని ఎరుక. తేనె దించడంలో ఈగల ప్రవర్తన, పూత కాలం, బండ తీరు తెలియాలి. దానితో పాటు పెళ్లి సంబంధం, బంధుత్వపు బాధ్యత, పంపకాల్లో ఎవరికెంతన్న లెక్క కూడా తెలియాలి. గడ్డలు తవ్వేటప్పుడు తీగ మొదలును తిరిగి మట్టిలో కప్పి రావడం కూడా ఇలాంటిదే. మళ్లీ ఏడాది తన వాళ్లే ఆ చోటికి వస్తారన్న భరోసా ఉన్న మనిషి చేసే పని అది. ఆ భరోసా పోతే ఆచారానికి నేల ఉండదు. తరలించి రోడ్డు పక్క కాలనీలో పెట్టిన కుటుంబానికి తాడు పేనడం గుర్తుండవచ్చు, పిల్లలకు నేర్పడానికి బండ ఉండదు. 1940లో ఆస్ట్రియా మానవ శాస్త్రవేత్త హైమెండార్ఫ్ అమ్రాబాద్ పీఠభూమిలో ఉండి చెంచుల గురించి పుస్తకం రాశారు. అందులో నమోదైన జీవితాన్ని మ్యూజియంలో ఉంచడం సులభం. అది బతికి ఉండాలంటే మాత్రం నమోదు చాలదు.

సంస్కృతిని దూరం చేస్తే అడవికి ఏమవుతుందన్న ప్రశ్నకు సమాధానం మన పొరుగునే, కర్ణాటకలోని చామరాజనగర్ జిల్లాలో ఉంది. అక్కడి బిళిగిరి రంగనబెట్టలో సోలిగలు ఉంటారు. కొండ మీది రంగనాథస్వామి తమ ఆడపడుచును చేసుకున్నాడని, తమకు బావ అవుతాడని వాళ్లు చెప్పుకుంటారు. మన అహోబిలం కథకు తోబుట్టువు లాంటి కథ. 1974లో ఆ అడవి అభయారణ్యమైంది. సోలిగలను అడవి లోపలి నుంచి అంచులకు తెచ్చి పెట్టారు, పోడు ఆగింది, వేట ఆగింది. వాటితో పాటు ఇంకొకటి కూడా ఆగిపోయింది. ఎండాకాలం ముదరకముందే నేల మీది ఆకుచెత్తకు చిన్న మంట పెట్టే అలవాటు వాళ్లకు ఉండేది. ఆ మంట మోకాలి ఎత్తు దాటదు, చెట్టును కాల్చదు, గడ్డిని లేపుతుంది, పొదలను అదుపులో ఉంచుతుంది. అడవి మంట అంటే నేరమే అన్న సూత్రంతో అధికారులు దాన్ని పూర్తిగా నిలిపేశారు. ఆ తర్వాతి దశాబ్దాల్లో లాంటానా పొద అడవిని కమ్ముకుంది. అక్కడి పరిశోధకులు 1997లో కొలిచిన చోట్లనే 2008లో మళ్లీ కొలిస్తే లాంటానా సాంద్రత నాలుగు రెట్లు మించింది. మొదటిసారి 41 శాతం చోట్ల కనిపించిన పొద రెండోసారికి 81 శాతం చోట్లకు పాకింది. లాంటానా వ్యాప్తికి మంటలు ఆగడం ఒక్కటే కారణమని తేల్చడం తొందరపాటు. వెలుతురు, పశువులు, పక్షులు, వెదురు పూసి చచ్చిపోవడం అన్నీ లెక్కలోకి వస్తాయి. కానీ సోలిగలు మొదటి నుంచీ చెబుతున్న కారణాన్ని పరీక్షకైనా తీసుకోకపోవడం శాస్త్రం కాదు.

ఉసిరి చెట్ల సంగతి ఇంకా స్పష్టం. సోలిగల ఆదాయంలో ఉసిరికాయ ముఖ్యం. 1990ల తర్వాత చెట్లు ఎండిపోతుంటే కాయలు అతిగా కోయడమే కారణం కావచ్చన్న అనుమానం మొదట వాళ్ల మీదికే పోయింది. సోలిగలు కొమ్మల మీది బదనికను చూపించారు. చెట్టు రసం తాగి బతికే ఆ మొక్క ఒకప్పుడు ఏటా వచ్చే చిన్న మంటల సెగకు తాళలేక రాలిపోయేదని, మంటలు ఆగాక కొమ్మ కొమ్మకూ పాకిందని చెప్పారు. పరిశోధకులు వాళ్లతో కలిసి కూర్చుని పరిశీలిస్తే చెట్ల చావుకు బదనిక పెద్ద కారణమని, అటవీ నిర్వహణలో కొలతలతో పాటు వాళ్ల అనుభవాన్నీ లెక్కలోకి తీసుకోవాలని తేలింది. ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. బదనిక గురించి సోలిగలకు తెలిసింది చెట్టెక్కి కాయ కోయడం వల్ల. కోత నిషేధిస్తే చెట్టు దగ్గరికి వెళ్లే మనిషి ఉండడు, బదనికను గమనించే కన్నూ ఉండదు. 2000ల మధ్యలో అభయారణ్యాల నుంచి అటవీ ఫలసాయం అమ్మకానికి తీసుకోకూడదన్న నిబంధన అమలైనప్పుడు జరిగింది ఇదే. తెలివిని పుస్తకంలో రాసుకుని, ఆ తెలివిని పుట్టించే పనిని మాత్రం ఆపేస్తే పుస్తకంలోది కొన్నేళ్లకు పాతబడిపోతుంది. అడవి మారుతూనే ఉంటుంది, చూసే మనుషులే ఉండరు.

బిళిగిరిలో తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. సోలిగలు ఒక పరిశోధన సంస్థతో కలిసి తమ పవిత్ర స్థలాల పటం గీసుకున్నారు. గుట్టలు, చెట్లు, చెలమలు కలిపి కొన్ని వందల చోట్లు అందులోకి ఎక్కాయి. దేవుడి చోటని నమ్మకంగా చెప్పుకుంటే నవ్వి పంపేసే కార్యాలయం, పటం మీద గుర్తించి చట్టం ముందు పెడితే కాదనలేకపోయింది. 2011 జనవరిలో ఆ అడవిని పులుల అభయారణ్యంగా ప్రకటించినా, అదే ఏడాది అక్టోబరులో 25 సోలిగ పోడుల (అక్కడ గూడేలను అలా అంటారు) గ్రామసభలకు సామూహిక అటవీ హక్కులు దక్కాయి. పులుల అభయారణ్యం నడిబొడ్డున ఇలాంటి హక్కులు రావడం దేశంలో అదే మొదటిసారి. 2010, 2014 గణనల మధ్య అక్కడ పులుల సంఖ్య పెరిగింది. హక్కులు ఇచ్చినందువల్లనే పెరిగిందని చెప్పడానికి ఆ నాలుగేళ్లు చాలవు. కానీ మనుషులు ఉంటే పులి ఉండదన్న మాటకు బిళిగిరి అడ్డం వస్తుంది.

పులి పక్షాన మాట్లాడేవారి అభ్యంతరాన్ని తేలిగ్గా తీసేయకూడదు. దేశంలో 2006లో 1,411గా అంచనా వేసిన పులులు 2022 గణనకు 3,682కు చేరాయి. ఆ విజయంలో మనుషుల అలజడి లేని కోర్ ప్రాంతాల పాత్ర కాదనలేనిది. 2025 జనవరిలో సైన్స్ పత్రికలో వచ్చిన భారతీయ పరిశోధకుల వ్యాసం కూడా అదే చెప్పింది. జనం లేని, మేతజంతువులు నిండుగా ఉన్న రక్షిత ప్రాంతాల్లో పులి నిలదొక్కుకుని అక్కడి నుంచి విస్తరించిందని తేల్చింది. అయితే ఆ వ్యాసంలోని రెండో సగాన్ని కూడా చదవాలి. పులులు తిరుగుతున్న 1,38,200 చదరపు కిలోమీటర్లలో దాదాపు సగం నేల మీద 6 కోట్ల మంది జనం కూడా ఉన్నారు. పులి మాయమైన చోట్లు జనం ఉన్న చోట్లన్నీ కావు. సాయుధ ఘర్షణలు, కటిక పేదరికం, భూమి వినియోగం విపరీతంగా మారడం కనిపించిన చోట్లు. అంటే పులికి ప్రమాదం మనిషి ఉనికి కన్నా, ఆ మనిషి ఏ పరిస్థితిలో ఉన్నాడన్నదాని మీద ఎక్కువగా ఆధారపడుతోంది. కోర్ ప్రాంతంలో కొంత భాగం నిశ్శబ్దంగా ఉండాలన్నది శాస్త్రీయమైన కోరికే. ఏ భాగం, ఏ నెలల్లో, ఎవరి అంగీకారంతో అన్నది మాత్రం ఆ నేలను ఎరిగిన మనుషులతో కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం. చట్టం కూడా అదే అంటోంది. అటవీ హక్కుల చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం ముందు హక్కుల గుర్తింపు పూర్తి కావాలి. తర్వాత ఆ మనుషుల వల్ల వన్యప్రాణికి కోలుకోలేని నష్టం జరుగుతోందని రుజువు కావాలి. కలిసి బతికే మార్గం లేదని తేలాలి. ఇవన్నీ అయ్యాక కూడా గ్రామసభ స్వేచ్ఛగా ఒప్పుకోవాలి. ఈ వరసను తిరగేసి, ముందు తరలింపు తేదీ ఖరారు చేసి తర్వాత సంతకాలు తీసుకుంటే ఆ పని వన్యప్రాణి సంరక్షణ కిందికి రాదు, చట్ట ఉల్లంఘన కిందికే వస్తుంది.

ఆచరణలో వరస తిరగబడుతున్న జాడలు చాలానే ఉన్నాయి. 2017 మార్చిలో జాతీయ పులుల సంరక్షణ సంస్థ, మార్గదర్శకాలు లేవన్న కారణం చూపి, పులుల కీలక ఆవాసాల్లో హక్కుల మంజూరును ఆపేయమని రాష్ట్రాలకు రాసింది. నిరసనల తర్వాత మరుసటి ఏడాది వెనక్కి తీసుకుంది. 2024 జూన్‌లో అదే సంస్థ, కోర్ ప్రాంతాల్లో ఇంకా 591 గ్రామాలు, 64,801 కుటుంబాలు మిగిలి ఉన్నాయని, తరలింపు వేగం పెంచమని మళ్లీ రాసింది. తెలంగాణలో 2025 మేలో కుమురం భీం పేరిట కవ్వాల్, తాడోబా పులుల అభయారణ్యాల మధ్య సంరక్షణ రిజర్వును ప్రకటిస్తూ జీవో 49 వచ్చింది. ఆదివాసీలు వీధుల్లోకి వచ్చాక జులైలో దాన్ని నిలిపేశారు. పులుల దారి కాపాడటం నిజంగా అవసరం. ఆ దారిలో ఉన్న గూడేలతో ముందే మాట్లాడి ఉంటే ఆ జీవో ఆగిపోయేది కాదేమో. జల్, జంగల్, జమీన్ అని పోరాడిన మనిషి పేరు పెట్టిన రిజర్వుకు ఆయన మనుషులే అడ్డం నిలవాల్సి రావడం బాధ కలిగించే సంగతి.

తరలింపు స్వచ్ఛందమే కదా, 15 లక్షల ప్యాకేజీ ఇస్తున్నారు కదా అనేవారున్నారు. కొన్ని కుటుంబాలు నిజంగా వెళ్లాలనుకుంటాయి. పిల్లలకు బడి కావాలి, కాన్పుకు ఆసుపత్రి కావాలి, రోడ్డు కావాలి. ఆ కోరికను ఎవరూ తప్పుపట్టకూడదు. అడవిలోనే ఉండి సంస్కృతిని కాపాడమని బయట నుంచి ఆదేశించే అధికారం మనకెవరికీ లేదు. కానీ ఎంపిక అన్న మాట నిలవాలంటే రెండు దారులూ తెరిచి ఉండాలి. లోపలి పెంటకు కరెంటు వద్దు, రోడ్డు వద్దు, పక్కా ఇల్లు వద్దు, ఎందుకంటే అది కోర్ ఏరియా అని ఏళ్ల తరబడి ఆపి, ఆ తర్వాత సౌకర్యాలు కావాలంటే బయటికి రమ్మంటే దానిని స్వేచ్ఛగా చేసిన ఎంపిక అనలేం. అప్పాపూర్ పెంటలోనో మేడిమల్కలలోనో ఉండిపోయే కుటుంబానికి సౌర విద్యుత్తు, వారం వారం వచ్చే వైద్య బృందం, సొంత యాసలో పాఠం చెప్పే పంతులు అందాక కూడా వెళ్తామంటే అప్పుడు వాళ్లను గౌరవంగా పంపాలి. అడవి మీది సామూహిక హక్కును మాత్రం వెళ్లినవారి చేతుల్లోనూ ఉంచాలి.

అడవి ప్రశాంతంగా ఉండాలన్న సూత్రం అందరికీ ఒకేలా వర్తిస్తోందా అన్నది కూడా అడగాలి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం మధ్య నుంచే హైదరాబాద్ - శ్రీశైలం రహదారి పోతుంది. రాత్రి పూట ఆపుతారు సరే, పగలంతా వాహనాల బారులే. కృష్ణ మీద ఆనకట్ట, భూగర్భ విద్యుత్ కేంద్రం, అడవి అడుగున తవ్వుతున్న ఎస్ఎల్‌బీసీ సొరంగం అన్నీ అక్కడివే. మన్ననూరు దగ్గర పర్యాటకులకు బస, సఫారీ ఉన్నాయి. ఉగాదికి ముందు కన్నడ భక్తులు వేలాదిగా ఆత్మకూరు వైపు నుంచి కాలిబాటన శ్రీశైలం చేరతారు. వీటిలో కొన్ని అవసరం, కొన్ని పవిత్రం. వీటన్నిటికీ చోటు దొరికిన అడవిలో కొన్ని వేల మంది చెంచులే అదనపు భారం ఎలా అయ్యారు? 2019లో ఇదే అమ్రాబాద్‌లో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు కేంద్ర అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా సిఫార్సు చేసింది. బోరు యంత్రాలు లోపలికి రాకుండా ఆగింది చెంచులూ చుట్టుపక్కల ఊళ్లూ ఎదురుతిరగడం వల్ల, నగరాల్లోని యువత గొంతు కలపడం వల్ల, చివరికి సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానం చేయడం వల్ల. ఒడిశాలో నియమగిరి కొండను బాక్సైట్ తవ్వకం నుంచి 2013లో కాపాడింది కూడా డోంగ్రియా కోందుల 12 గ్రామసభలే. కొండ తమ దేవుడు నియమరాజుదన్న వాళ్ల మాటకు విలువనిచ్చి, నిర్ణయాన్ని గ్రామసభలకు వదలమన్నది సుప్రీంకోర్టు. అంతకు 16 ఏళ్ల ముందే మన అనంతగిరి ప్రాంతం నుంచి వెళ్లిన సమత కేసులో, షెడ్యూల్డ్ ప్రాంతాల భూములను ప్రైవేటు గనులకు లీజుకు ఇవ్వకూడదని అదే కోర్టు చెప్పింది. పెద్ద తవ్వకం వచ్చినప్పుడు అడవికి అడ్డం నిలబడేది అక్కడ నివసించే మనుషులే. వాళ్లను తరలించాక ఆ గ్రామసభ ఉండదు, కాదనే గొంతూ ఉండదు.

ఇప్పటి చెంచులు హైమెండార్ఫ్ చూసిన చెంచులు కారు, వాళ్లూ మార్కెట్‌కే అమ్ముతున్నారు, అతిగా కోస్తున్నారు, ఉచ్చులు పెట్టేవారూ ఉన్నారు అన్నది ఇంకో అభ్యంతరం. ఇందులో నిజముంది. తపసి బంక సంగతే చూడండి. వ్యాపారులు ఎంత తెస్తే అంత కొన్న రోజుల్లో గొడ్డలితో లోతుగా నరికి బంక తీశారు, చెట్లు చచ్చాయి. తర్వాత గిరిజన సహకార సంస్థ, స్వచ్ఛంద సంస్థలు చిన్న గాటు పెట్టి, గాయం మానడానికి వ్యవధి ఇచ్చే పద్ధతిలో శిక్షణ ఇచ్చాయి. బంక నాణ్యత పెరిగింది, చెట్టూ బతికింది. దీన్నిబట్టి చెంచుకు ఏమీ తెలియదని తేల్చేస్తే పొరపాటు. తన చెట్టు అన్న ధీమా లేని మనిషి, రేపు ఇంకొకరు వచ్చి తీసుకుపోతారన్న భయంతో ఈరోజే అంతా తీసుకుంటాడు. ఏ కులంవాడైనా, ఏ దేశంవాడైనా అంతే. చెట్టు శాఖది, ధర దళారిది, గొడ్డలి మాత్రం చెంచుది అయినప్పుడు సంయమనం ఎవరి పని? గ్రామసభకు సామూహిక వనరుల హక్కు ఇస్తే దానితో పాటు బాధ్యత కూడా వస్తుంది. ఎన్ని చెట్లకు గాటు పెట్టాలి, ఏ గుట్టకు ఈ ఏడాది విశ్రాంతి, ఉచ్చు పెట్టినవాడికి తప్పు ఎంత అన్నవి రాసుకుని అమలు చేయాల్సిన బాధ్యతను చట్టం ఐదో సెక్షన్ వాళ్ల మీదే పెట్టింది. ఆ పనిలో అటవీ శాఖ లెక్కలు, శాస్త్రవేత్తల కొలతలు వాళ్లకు తోడు కావాలి. బయటి నుంచి వచ్చే వేటగాళ్లను పట్టుకునే బలగం మాత్రం ప్రభుత్వానిదే కావాలి.

ఆదివాసీల పక్షాన మాట్లాడేవారు కూడా ఒక జాగ్రత్త పాటించాలి. ప్రపంచ జీవవైవిధ్యంలో 80 శాతం ఆదివాసీల నేలల్లోనే ఉందన్న అంకె ఎన్నో ఏళ్లుగా ప్రచారంలో ఉంది. దానికి ఆధారం లేదని 2024లో నేచర్ పత్రికలో పరిశోధకులు చూపించారు. వాళ్లలో ఆదివాసీ పరిశోధకులూ ఉన్నారు. ఆధారం ఉన్న అంకె చాలు. ప్రపంచ భూభాగంలో కనీసం నాలుగో వంతు ఆదివాసీల నిర్వహణలోనో హక్కులోనో ఉందని, భూమ్మీది రక్షిత ప్రాంతాల్లో దాదాపు 40 శాతం వాటితో కలుస్తున్నాయని 2018 అధ్యయనం తేల్చింది. మనిషిని దేవుణ్ని చేస్తే, మొదటి తప్పు దొరికిన రోజే హక్కు కూడా ఊడిపోతుంది. చెంచులు పవిత్రులు కనుక హక్కు ఇవ్వాలనడం లేదు. ఆ నేల వాళ్లది కనుక, దాన్ని నడిపే కట్టుబాట్లు వాళ్ల దగ్గర ఉన్నాయి కనుక ఇవ్వాలి. గ్రామసభలో ఆడవాళ్ల మాట వినిపించకపోవడం, అప్పులు, సారా వంటి జబ్బులు అక్కడా ఉన్నాయి. మన పంచాయతీల్లోనూ ఉన్నాయి, అయినా పంచాయతీలను రద్దు చేయాలని మనం అనడం లేదు.

ఈ మధ్య చెంచుల తెలివిని గౌరవిస్తున్నామన్నదానికి సాక్ష్యంగా వాళ్లను బేస్ క్యాంపుల్లో కాపలాకు, పులి జాడలు పట్టడానికి పెట్టుకోవడాన్ని చూపిస్తున్నారు. ఆ ఉద్యోగాలు అవసరమే, జీతాలు నెలనెలా పడితే ఇంకా మంచిది. పాదముద్ర చూసి పులి మగదో ఆడదో, ఎంతసేపైందో చెప్పగల మనిషిని దినకూలీగా పెట్టుకుని, నిర్వహణ ప్రణాళిక రాసే బల్ల దగ్గరికి మాత్రం పిలవకపోవడం సరికాదు. జీవవైవిధ్య రిజిస్టర్ల తీరూ అంతే. ఏ ఆకు ఏ జబ్బుకు వాడతారో చెప్పించుకుని రాసుకున్నాక ఆ పుస్తకం ఎవరి బీరువాలో ఉంటుంది, రేపు ఒక కంపెనీ ఆ మందు తయారు చేస్తే లాభంలో వాటా ఏ పెంటకు చేరుతుంది అన్నవి తేలకుండా రిజిస్టరు నింపడం, హక్కు ఇవ్వకుండా తెలివిని తీసుకోవడమే అవుతుంది.

నల్లమలకు వర్తించే పరిష్కారం ఆవాస హక్కులోనే ఉంది. 2015లో మధ్యప్రదేశ్‌లోని దిండోరి జిల్లా బైగాలకు దేశంలో మొదటిసారి ఈ హక్కు దక్కింది. తర్వాత ఛత్తీస్‌గఢ్ కమార్లకు, బైగాలకు, ఒడిశాలో పౌడి భుయాన్లకు ఇచ్చారు. చెంచుల విషయంలో ఒక చిక్కు అదనంగా ఉంది. వాళ్ల అడవి మధ్యలోంచి కృష్ణ పారుతోంది. 2014 నుంచి ఆ నదే రెండు రాష్ట్రాల సరిహద్దు. ఇటు తెలంగాణలో అమ్రాబాద్ పులుల అభయారణ్యం, అటు ఆంధ్రప్రదేశ్‌లో నాగార్జునసాగర్ - శ్రీశైలం పులుల అభయారణ్యం. ఇటు మన్ననూరు ఐటీడీఏ, అటు శ్రీశైలం ఐటీడీఏ. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం లొద్దిలో లింగమయ్యకు పూజ చేసే చెంచులకు, శ్రీశైలం మల్లన్నను చెంచు మల్లయ్యగా కొలిచే చెంచులకు, అహోబిలంలో విల్లు పట్టే చెంచులకు ఇంటిపేర్లు కలుస్తాయి, పెళ్లిళ్లు కలుస్తాయి. పులికి కూడా ఆ నది సరిహద్దు కాదు, ఈది దాటుతుంది. కనుక రెండు రాష్ట్రాల గిరిజన సంక్షేమ శాఖలు, అటవీ శాఖలు కలిసి పెంట పెంటనా, గూడెం గూడెంలో గ్రామసభలు పెట్టి, పెద్దల చేత, తేనె దించే మగవాళ్ల చేత, గడ్డలు తవ్వే ఆడవాళ్ల చేత తమ మేరల పటం గీయించాలి. జిల్లా స్థాయి కమిటీలు ఆ పటాన్ని రెండు వైపులా ఒకే హక్కు పత్రం కింద గుర్తించాలి. పులుల సంరక్షణ ప్రణాళికను ఆ పటం ముందు పెట్టి చెంచులతో కలిసి తిరగరాయాలి. ఆ పని పూర్తయ్యేవరకు ఏ పెంటనూ కదిలించకూడదు. యునెస్కోకు పంపే పారువేట దస్త్రంలో చెంచుల విల్లంబుల ఫొటోలతో పాటు వాళ్ల అటవీ హక్కు పత్రం నకలు కూడా జతచేయాలని రెండు ప్రభుత్వాలనూ అడగాలి.